‘ద డే ఆఫ్ ద జాకల్’ నిజంగా వేగంగా పరిగెత్తే నవలేనా? పాఠకుల మాటలు ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు అడిగినవి మూడు. ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన ఈ నవల చదివినవాళ్ళలో చాలామంది "ఊపిరి తీసుకోనివ్వలేదు" అంటుంటే, మీకు వంద పేజీలు దాటినా కథ కదిలినట్టు అనిపించలేదేమిటి? ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ హత్యకు గురికాలేదని లోకమంతటికీ తెలుసు కదా, ఇక ఉత్కంఠ ఎక్కడిది? ఇదంతా నిజంగా జరిగిందని ఒకరు, మొత్తం కల్పితమని ఇంకొకరు అంటున్నారు, ఏది నమ్మాలి? ముగింపుతో సహా అన్నీ విప్పి చెప్తున్నాను. ముందే తెలిసిపోతే ఇష్టం లేనివాళ్ళు పుస్తకం పూర్తిచేసుకుని రండి.

మొదట వేగం సంగతి. మనలో చాలామందికి గూఢచారి కథల రుచి తగిలింది మధుబాబు షాడో నవలలతో, వారపత్రికల సీరియల్స్‌తో. ‘సశేషం’ అన్న మాట దగ్గర హీరో ఏదో ఒక గండంలో ఇరుక్కుని ఉండాలి. లేకపోతే వచ్చే వారం పత్రిక కొనేదెవరు? ఆ లెక్కతో జాకల్ తెరిస్తే చప్పగానే ఉంటుంది. ఇక్కడ డిగాల్‌ని చంపడానికి కుదుర్చుకున్న, ‘జాకల్’ అనే మారుపేరున్న కిరాయి హంతకుడు పేజీల తరబడి చేసే పనులేమిటంటే, లైబ్రరీలో కూర్చుని డిగాల్ గురించి చదవడం, పల్లెటూరి చర్చిల పక్కన సమాధి రాళ్ళ మీద పేర్లు వెతకడం, జుట్టుకు రంగు కొనడం, పారిస్‌లో చౌరస్తాలు తిరిగి ఏ కిటికీలోంచి ఏం కనబడుతుందో చూసుకోవడం. "ఇది థ్రిల్లరా, కొనుగోళ్ళ పద్దా?" అని రెండు స్టార్లు ఇచ్చినవాళ్ళ బాధ ఇదే. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే వాళ్ళు వేగాన్ని వెతికిన చోటు తప్పు.

ఈ నవలలో వేగమంతా వేటగాడికీ వేటకీ మధ్య ఉన్న ఎడం తగ్గిపోవడంలో ఉంది. జులైలో జాకల్ ఏర్పాట్లు చేసుకుంటున్నప్పుడు వాడొకడున్నాడని పోలీసులకు తెలియనే తెలియదు. ఆగస్టు రెండో వారానికి వాళ్ళ చేతికి చిక్కింది ఒక మారుపేరు మాత్రమే. తర్వాత ఒక పాస్‌పోర్ట్ పేరు, ఆ పైన ఒక కారు, ఒక హోటల్. ప్రతిసారీ, వాణ్ణి పట్టుకునే పని మీదున్న కమిషనర్ లెబెల్ మనుషులు చేరేసరికి వాడు వెళ్ళిపోయి ఉంటాడు. మొదట్లో తేడా రోజుల్లో ఉంటుంది, తర్వాత గంటల్లోకి, ఆగస్టు 25న మోన్‌పర్నాస్ దగ్గరికొచ్చేసరికి నిమిషాల్లోకి, ఆఖరి గదిలో క్షణాల్లోకి దిగుతుంది. రెండో భాగం నుంచి ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. సన్నివేశం మారినప్పుడల్లా "పోలీసులు ఎంత వెనక ఉన్నారు?" అన్న లెక్కని అంచులో వేసుకుంటూ పోండి. పది చోట్ల వేసేసరికి నవల యంత్రం ఎలా తిరుగుతోందో కళ్ళకు కడుతుంది.

ఆ యంత్రంలో ఒక చిన్న పన్నుచక్రం చూడండి. అది హోటల్ కార్డు. అప్పటి ఫ్రాన్స్‌లో హోటల్లో దిగిన విదేశీయుడు పేరు, పాస్‌పోర్ట్ వివరాలు ఒక కార్డు మీద రాసివ్వాలి. పోలీసులు వాటిని పోగుచేయాలి, అవి పై కార్యాలయానికి చేరాలి, అక్కడ గుమాస్తాలు ఒక్కొక్కటిగా పేర్లు సరిచూడాలి. కంప్యూటర్ లేదు, అంతా చేతి పనే. రాత్రి రాసిన కార్డు సంబంధిత అధికారి బల్ల మీదికి రావడానికి పట్టే ఆ కొద్ది గంటలే జాకల్ ఆయుష్షు. ఛేజ్ సీన్ ఒక్కటి లేకుండా రచయిత గుండె దడ పుట్టించింది ఆ కాగితాల ప్రయాణంతోనే. "ఈ రోజుల్లో అయితే ఒక్క సీసీ కెమెరాతో దొరికిపోయేవాడు" అని కొట్టిపారేసే అభిప్రాయాలు చాలా కనిపిస్తాయి. నిజమే, అందుకే కథ 1963లో ఉంది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్న రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. లెబెల్ వేర్వేరు దేశాల పోలీసు అధికారులకు ఫోన్లు చేసే రాత్రిని ఆ అనుభవంతో చదివితే ఉండే బిగువు వేరు.

మీరు ఆగిపోయిన చోటు దాదాపు అందరూ ఆగే చోటే. మొదటి అధ్యాయం బాగానే లాగుతుంది. 1963 మార్చి 11 తెల్లవారుజామున పారిస్ దగ్గర ఫోర్ దివ్రీలో డిగాల్ మీద హత్యాయత్నం చేసిన బాస్తియాఁ-తిరీ అనే లెఫ్టినెంట్ కల్నల్‌ని కాల్చి చంపే దృశ్యం అది. దాని వెంటే డిగాల్‌ని చంపాలనుకునే ఓఏఎస్ అనే ఫ్రెంచ్ రహస్య సంస్థ రాజకీయం, దాని నాయకుడు కల్నల్ రోదాఁ గతం, ఎవరు ఎవరికి ఎందుకు శత్రువో వివరించే పేజీలు వస్తాయి. పుస్తకం మూసేసేది ఇక్కడే. ఈ పేజీల్లో రోదాఁ సైనిక చరిత్రని చకచకా దాటేసినా పెద్ద నష్టం లేదు. వాడి తర్కాన్ని మాత్రం దాటొద్దు. ఓఏఎస్ నిండా ప్రభుత్వ వేగులున్నారు, సభ్యులందరి ఫైళ్ళూ పోలీసుల దగ్గరున్నాయి, కాబట్టి ఏ ఫైల్లోనూ లేని బయటివాడు కావాలి, వాడు విదేశీయుడైతే మరీ మంచిది. నవలంతా నిలబడింది ఈ ఒక్క దూలం మీదే. దీన్ని చదవకుండా ముందుకెళ్ళినవాళ్ళే "ఇంత పెద్ద సంస్థకి సొంత మనుషులు లేరా?" అని అడుగుతుంటారు.

డబ్బు సంగతి కూడా గమనించండి. జాకల్ అడిగింది 5 లక్షల డాలర్లు, సగం ముందు, సగం పని అయ్యాక. ఓఏఎస్ దగ్గర అంత సొమ్ము లేదు. అందుకని బ్యాంకు దోపిడీలు మొదలుపెడతారు. ఉన్నట్టుండి ఇన్ని దోపిడీలేమిటని సీక్రెట్ సర్వీస్‌కి అనుమానం. అదే సమయంలో ఓఏఎస్ పెద్దలు ముగ్గురూ రోమ్‌లో ఒక హోటల్ పై అంతస్తులో తలుపులేసుకుని కూర్చుంటారు. ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు కోసమే వాళ్ళ అంగరక్షకుడు కొవాల్స్కీని కూతురి జబ్బు పేరు చెప్పి రప్పించి పట్టుకుంటారు. అంటే హంతకుడి ఫీజు ఎక్కువ కావడమే చివరికి హంతకుడి గుట్టు బయటపెడుతుంది. మొదటి వంద పేజీల్లో నత్తనడక అనిపించిన ప్రతి వివరమూ తర్వాత ఎక్కడో ఒకచోట పేలుతుంది. ఇది తెలిసి చదివేవాడికీ తెలియక చదివేవాడికీ ఇచ్చే స్టార్లలో తేడా రావడం సహజం.

పొట్టి పేర్ల చికాకు ఒకటుంది. బుక్‌మార్క్ మీద రాసి పెట్టుకుంటే చాలు. ఓఏఎస్ అంటే అల్జీరియాని వదులుకోకూడదని ఆయుధాలు పట్టిన ఫ్రెంచ్ రహస్య సంస్థ. ఎస్‌డీఈసీఈ విదేశీ గూఢచర్యం, మన ‘రా’ లాంటిది. బలప్రయోగం చేసే ‘యాక్షన్ సర్వీస్’ దానిలో భాగం. డీఎస్‌టీ దేశం లోపల చూసుకునేది, మన ఐబీకి దగ్గర. పీజే అంటే నేర పరిశోధన పోలీసులు, సీఐడీ అనుకోండి, లెబెల్ ఇందులోవాడు. సీఆర్‌ఎస్ అంటే బందోబస్తుకి దింపే రిజర్వు బలగం, మన స్పెషల్ పోలీస్ బెటాలియన్ల తరహా. ఈ శాఖలు ఒకదాన్నొకటి ఓర్చుకోలేకపోవడం కూడా కథలో ఒక అడ్డంకే.

ఇక తెలిసిన ముగింపు. ఈ అభ్యంతరం కొత్తదేం కాదు, ప్రచురణకర్తలే మొదట ఇదే అన్నారు. ఫోర్సైత్ దీన్ని 1970 జనవరిలో 35 రోజుల్లో రాశాడు. అప్పటికి డిగాల్ బతికే ఉన్నాడు. ఆయన పోయింది ఆ ఏడాది నవంబర్ 9న, అదీ ఇంట్లో, సహజ మరణం. బతికున్న మనిషిని చంపబోయే కథ ఎవరు చదువుతారని వరసగా తిప్పి పంపారు. 1971లో అచ్చయింది, 1972లో నేర కథలకిచ్చే ఎడ్గార్ అవార్డు వచ్చింది. అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి బయటికి రాడని తెలిసే కదా మనం హరికథకి కూర్చుంటాం. ఎన్ని వలయాలు దాటాడు, ఎక్కడ చిక్కుకున్నాడు అన్నదే ఆసక్తి. ఇక్కడ వింత ఏమిటంటే, లోపలికి చొచ్చుకుపోయేవాడు హంతకుడు. సగం పుస్తకం దాకా పాఠకుడు తెలియకుండానే వాడి పని సవ్యంగా సాగాలని కోరుకుంటాడు. లెబెల్ వచ్చాక మనసు అటు మళ్ళుతుంది. "ఎవరి పక్షాన ఉండాలో తెలియలేదు" అని ఫిర్యాదు చేసిన పాఠకుడు నిజానికి పుస్తకం కోరుకున్న స్థితిలోనే ఉన్నాడు.

ఆఖరి తూటా గురి తప్పడం "అదృష్టం మీద నెట్టేశాడు" అన్న విమర్శ మాత్రం ఆలోచించాల్సిందే. పతకం అందుకుంటున్న మాజీ సైనికుడి చెంపని ముద్దాడడానికి డిగాల్ సరిగ్గా ఆ క్షణంలో వంగుతాడు. అది ఫ్రెంచ్ మర్యాద. అన్ని పుస్తకాలూ తిరగేసిన విదేశీయుడికి తట్టని అలవాటు. దాన్ని అదృష్టం అనడం కంటే, అంత సన్నద్ధతలోనూ మిగిలిపోయిన ఒక్క కంత అనడం న్యాయమని నా అభిప్రాయం. అయినా అది కాకతాళీయమే అని ఎవరైనా పట్టుబడితే గట్టిగా కాదనలేను.

మూడోది, నిజమా కల్పితమా. జాకల్ కల్పితం. లెబెల్, రోదాఁ, కొవాల్స్కీ కల్పితం. డిగాల్, హోం మంత్రి రోజే ఫ్రే, పారిస్ పోలీసు ప్రిఫెక్ట్ మోరిస్ పాపోఁ నిజం మనుషులు. 1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెతీ-క్లామార్ దగ్గర డిగాల్ కారు మీద కాల్పులు నిజం. టైర్లు పేలిపోయినా డ్రైవర్ ఆ సిట్రోయెన్‌ని ఆపకుండా తీసుకుపోయాడు. 1963 ఫిబ్రవరిలో ఓఏఎస్ నాయకుడు అర్గూని మ్యూనిక్‌లో ఎత్తుకొచ్చి పారిస్‌లో ఒక వ్యానులో వదిలేసిన సంగతీ నిజమే; నవలలో పెద్దలు ముగ్గురూ హోటల్ గదిలో దాక్కోవడానికి కారణం ఆ భయం. ఫోర్సైత్ ఆ రోజుల్లో రాయిటర్స్ విలేకరిగా పారిస్‌లో పనిచేశాడు. చూసినదాన్నీ కల్పించినదాన్నీ ఒకే వార్తాకథనం గొంతుతో చెప్పడంతో అతుకు ఎక్కడుందో కనబడదు. పాఠకులు మోసపోయేది అక్కడే.

అలాంటి గొంతుతో చెప్పిన ఒక పొరపాటుని దగ్గరగా చూడండి. పెతీ-క్లామార్ దాడి ఎందుకు విఫలమైందో చెప్తూ, బాస్తియాఁ-తిరీ క్యాలెండర్ తప్పు చూశాడంటాడు రచయిత. ఆగస్టు 22న మసక చీకటి పడేది 8.35కి అనుకున్నాడట, కానీ అది 1961 క్యాలెండర్ అట, 1962లో 8.10కే చీకటి పడిందట. చదువుతుంటే ఆహా అనిపిస్తుంది. కానీ లెక్క కుదరదు. పోయినేటి పంచాంగం చూసి తిథి తప్పాడంటే నమ్మొచ్చు, తిథులు ఏడాదికి పది రోజులకు పైగానే జరుగుతాయి. సూర్యాస్తమయం అలా జరగదు. ఒకే ఊళ్ళో, ఒకే తేదీన, ఏడాదికీ ఏడాదికీ తేడా నిమిషం కూడా ఉండదు. ఆగస్టు చివర్లో పారిస్‌లో పొద్దు రోజుకి దాదాపు రెండు నిమిషాలు ముందుకొస్తుంది. 25 నిమిషాలు రావాలంటే పన్నెండు పదమూడు రోజులు తప్పి ఉండాలి. విమానశాఖ ఇంజినీరుకి ఆ మాత్రం తెలియదా? మసక వెలుతురులో, దూరం నుంచి పత్రిక ఊపి చేసిన సైగ ముష్కరులకు ఆలస్యంగా కనబడిందన్నది చాలు కారణానికి. ఈ తప్పు పట్టిన పాఠకుడి అభిప్రాయం ఎక్కడ కనబడినా ఆగి చదవండి, అతను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివినవాడు.

పాస్‌పోర్ట్ ఎత్తు మాత్రం ఊహాగానం కాదు. పసితనంలోనే చనిపోయిన, తన ఈడువాడైన ఒక పిల్లవాడి పేరు మీద జనన ధ్రువపత్రం నకలు తీసి, దానితో పాస్‌పోర్ట్‌కి అర్జీ పెడతాడు జాకల్. జనన రికార్డునీ మరణ రికార్డునీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు లేకపోవడమే ఆ కంత. నవల వచ్చాక 1974లో జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ ఎంపీ, తాను సముద్రంలో మునిగిపోయినట్టు నాటకమాడి, చనిపోయిన మనిషి పేరుతో తీసుకున్న పాస్‌పోర్ట్‌తో మాయమయ్యాడు. ఆస్ట్రేలియాలో దొరికిపోయాడనుకోండి. అన్నట్టు, కార్లోస్ అనే ఉగ్రవాదికి ‘జాకల్’ పేరు పత్రికలు తగిలించింది 1975లో, లండన్‌లో ఒక ఇంట్లో ఈ నవల కనబడడం వల్ల. ఆ పుస్తకం కార్లోస్‌ది కూడా కాదు. ఈ నవల కార్లోస్ జీవితమని ఎవరైనా రాస్తే ఆ అభిప్రాయాన్ని అక్కడే వదిలేయండి. నవల వచ్చేనాటికి ఆ పేరు ఎవరూ వినలేదు.

పాత్రల మీద వచ్చే విమర్శల్లో రెండు రకాలున్నాయి. "జాకల్‌కి మనసు లేదు, గతం లేదు" అన్నది మొదటిది. అది లోపం కాదు, కావాలని వదిలిన ఖాళీ. బ్రిటన్ పోలీసులు చార్లెస్ కాల్‌త్రాప్ అనే పేరు పట్టుకుంటారు. ఇంగ్లీషులో మొదటి పేరులోని తొలి మూడక్షరాలు, ఇంటిపేరులోని తొలి మూడక్షరాలు కలిపితే ఫ్రెంచ్‌లో జాకల్ అనే మాట, ‘షకాల్’, వస్తుంది. పోలీసులూ పాఠకులూ కలిసి గుటుక్కున మింగేస్తారు. చివర్లో అసలు కాల్‌త్రాప్ సెలవుల నుంచి తాపీగా ఇంటికొస్తాడు. మరి ఆఖరి గదిలో లెబెల్ చేతిలో చచ్చిపోయినవాడెవరు? జవాబు లేదు. గతం ఇచ్చి ఉంటే ఈ దెబ్బ పడేదే కాదు.

రెండో రకానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు. ఆడవాళ్ళు ఇందులో పనిముట్లు. అధ్యక్షుడి కార్యాలయంలో పనిచేసే కల్నల్ సాఁ-క్లేర్ నుంచి ఓఏఎస్ కోసం రహస్యాలు లాగే జాక్లీన్, జాకల్‌కి ఆశ్రయమిచ్చి ప్రాణం పోగొట్టుకునే బారోనెస్, ఇద్దరూ పడకగది దాటి పెద్దగా ఎదగరు. అంతకంటే పెద్ద మౌనం అల్జీరియన్లది. కథకి మూలం అల్జీరియా యుద్ధం, కానీ అల్జీరియన్ల గొంతు వినబడదు. నవలలో డిగాల్‌ని కాపాడే సమావేశంలో బల్ల దగ్గర గౌరవంగా కూర్చున్న పాపోఁ, 1961 అక్టోబర్ 17న పారిస్ వీధుల్లో అల్జీరియన్ ప్రదర్శకుల్ని చంపిన పోలీసులకు అధిపతి. నాజీల కాలంలో యూదుల్ని పంపించేసిన నేరానికి అతనికి 1998లో శిక్ష పడింది. 1970లో రాసినవాడికి ఆ రెండోది తెలిసే వీల్లేదు. ఇవాళ చదివేవాడు మాత్రం ఆ బల్ల చుట్టూ ఎవరెవరున్నారో తెలిసి చదవడం మంచిది.

అదే బల్ల దగ్గర నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. రహస్యం బయటికి పోతోంది, ఎవరి ద్వారానో తెలియదు. ఒక రాత్రి లెబెల్ ఒక ఫోన్ సంభాషణ టేపు వినిపిస్తాడు. సాఁ-క్లేర్ మౌనంగా లేచి వెళ్ళిపోతాడు. ఇతని ఫోన్ మీదే నిఘా పెట్టాలని ఎలా తెలిసిందని మంత్రి అడిగితే, తెలియదనీ, అందుకే మీ అందరి ఫోన్లకీ పెట్టించాననీ వినయంగా చెప్తాడు లెబెల్. గదిలో తుపాకీ లేదు, కేక లేదు. మంత్రుల ముందు మాసిన సూటులో నిలబడ్డ గుమాస్తాలాంటి మనిషి, అంతే.

అభిప్రాయాలు ఎంచుకునేటప్పుడు ఐదు స్టార్లవీ ఒక స్టారువీ పక్కన పెట్టి, మూడు స్టార్లవి ముందు చదవండి. రాసినవాడు ఏ అధ్యాయం దగ్గర విసిగాడో, ఎక్కడ మళ్ళీ పట్టు దొరికిందో చెప్పాడా చూడండి. "డైలాగులు తక్కువ", "వర్ణన ఎక్కువ" అన్న మాటల్లో సమాచారం ఉంది. "సూపర్", "బోర్" అన్నవాటిలో లేదు. ఇంకొకటి: 2024లో వచ్చిన టీవీ సిరీస్ చూసొచ్చి నవలని తిట్టేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. సిరీస్ కథ ఈ కాలంలో జరుగుతుంది, అక్కడ హంతకుడికి భార్యాబిడ్డలున్నారు. పేరు తప్ప రెండింటికీ పెద్ద పోలిక లేదు. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన సినిమా మాత్రం నవలకి చాలా దగ్గర. పేర్లు గుర్తుపెట్టుకోలేక ఆగిపోతుంటే ఆ సినిమా ముందు చూసినా తప్పులేదు. ముగింపు ఎలాగూ తెలిసిందే కదా.

మీరు చేయాల్సింది ఒకటే. ఆగిన చోటు నుంచి వెనక్కి వెళ్ళకుండా, కొవాల్స్కీకి ఉత్తరం అందే ఘట్టం ఎన్ని పేజీల దూరంలో ఉందో చూసుకోండి. అక్కడిదాకా ఒక సాయంత్రంలో లాక్కొచ్చేయండి. లెబెల్‌కి పని అప్పగించే రాత్రి దాటాక కూడా పేజీ తిప్పాలనిపించకపోతే మొహమాటం లేకుండా మూసేయండి, ఆ తర్వాత వచ్చేది కూడా అదే రకం సరుకు.